చేపల జబ్బులు: బ్యాక్టీరియా పేరు తెలిస్తే చాలదు

చెరువులో చేప తేలగానే ల్యాబుకు పరుగెత్తుతాం. ‘ఏరోమోనాస్ హైడ్రోఫిలా’ అని రిపోర్టు వస్తుంది. తెలిసిన పేరే కదా, తెలిసిన మందే కొడదాం అనుకుంటాం. కానీ ఒకే పేరున్న బ్యాక్టీరియాలో జన్యువులు వేరుగా ఉన్న స్ట్రెయిన్లు చాలా ఉంటాయి. నష్టం ఎంతన్నది చాలావరకు వాటి చేతిలోనే ఉంది.

అపోహ: నీళ్లలో ఏరోమోనాస్ ఉందంటే చెరువు పోయినట్టే.
వాస్తవం: అది లేని మంచినీటి చెరువు దాదాపు ఉండదు. ఆరోగ్యంగా ఉన్న చేప పేగుల్లోనూ కనిపిస్తుంది. చేప కణాలకు చిల్లులు పొడిచే ఏరోలైసిన్ లాంటి విషాలను అన్ని స్ట్రెయిన్లూ ఒకే మోతాదులో తయారుచేయవు. అయితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా, పేను కుట్టి గాయాలైనా ఓ మోస్తరు స్ట్రెయిన్ కూడా శీలావతికి ఎర్రమచ్చలు, పుండ్లు తెప్పించగలదు.

అపోహ: బ్యాక్టీరియా ఒకటైతే జబ్బు తీవ్రతా ఒకటే.
వాస్తవం: బలహీనపడ్డ చేపల మీదే ఏరోమోనాస్ దాడి చేస్తుందని పేరు. 2009లో అమెరికాలోని అలబామాలో మాత్రం పట్టుబడికి వచ్చిన క్యాట్‌ఫిష్‌లే పెద్దఎత్తున చనిపోయాయి. ఆ స్ట్రెయిన్ చైనాలో గడ్డి చేపకు సోకినదానికి దగ్గరి చుట్టమని జన్యు పరీక్షల్లో తేలింది. ఇనోసిటాల్ అనే పదార్థం ఒక్కటే పెట్టినా అది తిని పెరుగుతుంది. ల్యాబుల్లో దాన్ని గుర్తుపట్టడానికి ఈ లక్షణం పనికొస్తుంది.

అపోహ: టీకా వేస్తే ఆ బెడద తీరినట్టే.
వాస్తవం: ఇజ్రాయెల్‌లో 1995 నుంచి ట్రౌట్ చేపలకు స్ట్రెప్టోకాకస్ ఇనియే టీకా వేశారు. మొదట బాగానే కాపాడింది. 1997లో టీకా వేసిన ఫారాల్లోనే జబ్బు మళ్లీ విజృంభించింది. ఈసారి వచ్చింది అదే బ్యాక్టీరియాలో మరో సీరోటైపు, అంటే ఆ టీకాకు లొంగని రకం.

అపోహ: చేపల బ్యాక్టీరియా మనుషుల జోలికి రాదు.
వాస్తవం: 2015లో సింగపూర్‌లో పచ్చి చేప తిన్నవారు స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే వల్ల తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆ పని చేసింది ఎస్‌టీ283 అనే స్ట్రెయిన్. బాగా ఉడికిన పులుసుతో ఆ భయం లేదు.

అపోహ: పక్క చెరువుకు పనిచేసిన మందు మనకూ పనిచేస్తుంది.
వాస్తవం: మందుకు లొంగని జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరతాయి. అందుకే సెన్సిటివిటీ పరీక్ష చేయించాలి. చేప కిడ్నీ నుంచి తీసిన నమూనాను ప్లేటులో పెంచి, యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. వలయం రాకపోతే ఆ మందుకు పెట్టే డబ్బు దండగే. చచ్చి ఉబ్బిన చేపను తీసుకెళితే కుళ్లబెట్టే బ్యాక్టీరియానే బయటపడుతుంది. కొన ఊపిరితో ఉన్నదాన్నే తీసుకెళ్లాలి, అదీ మందు చల్లకముందే.