జీలుగ అంటే పచ్చిరొట్ట కాదు

మొన్న సైన్సు పీరియడ్‌లో నేను "మా అయ్య జీలుగ చెట్టు ఎక్కుతాడు" అనగానే క్లాసంతా నవ్వింది. వాళ్ళ తప్పు లేదు. ఈ కంకిపాడు వైపు జీలుగ అంటే నాట్లకు ముందు చేలో చల్లి, పూతకొచ్చేసరికి కలియదున్నేసే పచ్చిరొట్ట పైరు. దాన్నెవరు ఎక్కుతారు? మా మారేడుమిల్లి కొండల్లో జీలుగ అంటే తాడి, కొబ్బరి కులానికి చెందిన పెద్ద మాను. పేరొకటే గాని రెంటికీ చుట్టరికం లేదు.

వాన బాగా పడే కొండ అడవిలో, వాగుల పక్కన పెరుగుతుంది. నలభై అడుగులు దాటుతుంది. చిన్న ఆకు ఒక్కొక్కటీ అచ్చం చేప తోకే. 1753లో లిన్నేయస్ దీనికి కార్యోటా యూరెన్స్ అని పేరు పెట్టాడు. యూరెన్స్ అంటే మండించేది అని. పండు గుజ్జులో సూదుల్లాంటి సన్న స్ఫటికాలుంటాయి, చెయ్యి పెడితే ఒకటే దురద. పునుగుపిల్లి మాత్రం హాయిగా తిని గింజల్ని అడవంతా చల్లుతుంది.

అసలు సంగతి ఇది. ఇక్కడి తాడిచెట్టు ఏటేటా గెల వేస్తూ ఎన్నో ఏళ్ళు బతుకుతుంది. జీలుగ పది పదిహేనేళ్ళు పూత అనేది లేకుండా పెరిగి, మానులో పిండి దాచుకుంటుంది. తరువాత మొదటి గెల అన్నిటికన్నా పైన వేస్తుంది. రెండోది దాని కింద, మూడోది ఇంకా కింద. గుర్రం తోకల్లా వేలాడతాయి. దాచిన పిండి చక్కెరై ఆ గెలల్లోకి పోతుంది. పూత విప్పకముందే గెల కోసి, పూటపూటా పల్చగా గీస్తూ కుండ కడితే ఆ తీపి నీరు దిగుతుంది. కాస్తే బెల్లం, ఊరుకుంటే పులిసి కల్లు. (వార్డెన్ గారూ, నేను తేలేదండి!) శ్రీలంకలో దీని బెల్లాన్ని కితుల్ బెల్లం అంటారు. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. గీసినా అంతే, గీయకపోయినా అంతే.

మా చెట్టు తాత నాటింది. నా ట్రంకుపెట్టె దాని డబ్బులతోనే కొన్నారు. ఈ వేసవిలో ఇంటికెళ్తే గెల సగం నిచ్చెనకే అందుతోంది, ఆకులు పండిపోయాయి. పిండి కోసం లేత చెట్లని నరికేవాళ్ళూ ఉన్నారు. అది నాకు నచ్చదు, పూయకుండా పడిన చెట్టుకి గింజెక్కడిది? అయ్య ఒక గెలని గీయకుండా గింజకి వదిలాడు.

అందులోవి ఏడు గింజలు బూడిదతో తోమి తెచ్చాను. స్నానాల గది వెనక నీళ్ళు పారేచోట పాతాను. మొలవడానికి నెలలు పడుతుంది. మొదటి ఆకు రెండుగా చీలి, కొసలు ఎలుక కొరికినట్టుంటాయి. ఆదివారం శ్రమదానంలో అటువైపు వచ్చేవాళ్ళు గడ్డి అనుకొని పీకొద్దు. చుట్టూ ఇటుకలు పేర్చాను.