గల్లాపెట్టె, సెల్‌ఫోన్: కెన్యా కథ

నైరోబీలో కాపలా పనో, కూలి పనో చేసుకునే మనిషి ఊళ్లో ఉన్న తల్లికి డబ్బు పంపాలంటే 2007కు ముందు దారులు తక్కువ. అటువైపు వెళ్లే బస్సు డ్రైవరుకు కవరు అప్పజెప్పాలి, లేదా తెలిసినవాళ్లు బయల్దేరేదాకా ఆగాలి. పల్లెలకు బ్యాంకులు దూరం. సెల్‌ఫోన్లు మాత్రం అప్పటికే చేరుతున్నాయి.

2005లో వొడాఫోన్, కెన్యా ఫోన్ సంస్థ సఫారీకామ్ కలిసి బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సాయంతో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. చిన్న రుణాల వాయిదాలను ఫోన్‌లో కట్టించుకోవాలన్నది ఆలోచన. జనం ఆ సదుపాయాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడేశారు. 2007 మార్చిలో ‘ఎం-పెసా’ బజారులోకి వచ్చేసరికి వాయిదాల ఊసు పక్కకు పోయింది. ఇంటికి డబ్బు పంపడమే దాని ప్రచారమైంది.

దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. సిమ్‌లోనే మెనూ ఉంటుంది. కొడుకు నగరంలో పచ్చరంగు వేసిన ఏజెంటు కొట్టుకు వెళ్లి గుర్తింపు కార్డు చూపించి నోట్లు ఇస్తాడు. కొట్టువాడు అంతే మొత్తాన్ని అతని ఖాతాలోకి ఎక్కిస్తాడు. అక్కణ్నుంచి అది తల్లి ఫోన్‌కు వెళుతుంది. ఆమె తన ఊరి కొట్టులో ఏజెంటు నంబరు, మొత్తం, పిన్ నొక్కుతుంది. ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ రాగానే ఏజెంటు నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు.

చిక్కంతా ఆ నోట్ల దగ్గరే. నగరంలో వేసేవాళ్లు ఎక్కువ కాబట్టి గల్లాపెట్టె నిండి, ఏజెంటు ఫోన్‌లో నిల్వ అడుగంటుతుంది. పల్లెలో తీసేవాళ్లు ఎక్కువ, అక్కడ గల్లా ఖాళీ. రెండింటినీ సరిచూసుకోవడానికి ఏజెంట్లు బ్యాంకుల చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడుకు గిట్టుబాటయ్యే కమీషన్ దొరకబట్టే వేలాది కొట్లు ఇందులోకి దిగాయి. టెక్నాలజీ పల్లెకు చేరింది ఆ కొట్ల మీదుగానే.

మన యూపీఐకి బ్యాంకు ఖాతా పునాది. ఎం-పెసాకు ఆ ఖాతా అక్కర్లేదు. దీనివల్ల కెన్యాలో 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని ఆర్థికవేత్తలు తవ్నీత్ సూరి, విలియం జాక్ 2016లో అంచనా వేశారు. సాగు వదిలి చిన్న వ్యాపారాల్లోకి వచ్చిన ఆడవాళ్లూ అందులో కనిపించారు.

2012లో అదే ఫోన్‌లోకి ‘ఎం-ష్వారీ’ పేరుతో అప్పు వచ్చింది. తాకట్టు లేదు, సంతకం లేదు. నెల గడువుకు రుసుము అప్పట్లో 7.5 శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి ఏడున్నర రూపాయల వడ్డీ. తర్వాత రుణ యాప్‌లూ పుట్టుకొచ్చాయి. వాటిని అదుపు చేసే అధికారం కోసం కెన్యా 2021లో చట్టాన్నే సవరించుకోవాల్సి వచ్చింది.