టీకా పేరు మీద ఆగిన ప్రయాణం

2021 వేసవిలో పశ్చిమ ప్రకాశంలోని మన ఊళ్లలో కోవిడ్ టీకా ఎంచుకునే పరిస్థితి లేదు. ఆరోగ్య కేంద్రానికి ఆ రోజు కోవాగ్జిన్ వస్తే కోవాగ్జిన్, కోవిషీల్డ్ వస్తే కోవిషీల్డ్. పెద్దారవీడులో అయినా మార్కాపురంలో అయినా వరుసలో నిలబడ్డవాళ్లకు ప్రాణం దక్కితే చాలు. కానీ గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చి చిక్కుకుపోయినవాళ్ల ఉద్యోగాన్ని ఆ సీసా మీది పేరే తేల్చింది.

ఆ ఆగస్టులో కువైట్ విదేశీ కార్మికులకు తలుపులు తెరిచింది. తాను గుర్తించిన టీకా వేసుకుంటేనే రావాలంది. ఆస్ట్రాజెనెకా జాబితాలో ఉంది కాబట్టి, అదే టీకా అయిన కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లు గట్టెక్కారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ ఆ జాబితాలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గుర్తించింది 2021 నవంబరు 3న. అకామా (నివాస అనుమతి) గడువు దగ్గరపడుతున్న మనిషికి ఆ మూడు నెలలు ఎంత భారమో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకూ తిప్పలు తప్పలేదు. రెండో డోసుకు 84 రోజులు ఆగాల్సి వచ్చేది. చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లేవాళ్లు 28 రోజులకే వేయించుకోవచ్చని కేంద్రం జూన్ 7న మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వెసులుబాటు ఉన్నట్టు ఎందరికి తెలిసింది? కడపలో, గోదావరి జిల్లాల్లో కువైట్ దారి తెలిసినవాళ్లు ఊరూరా ఉంటారు. పశ్చిమ ప్రకాశంలో వలస అంటే ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరే. వాన మీద ఆధారపడ్డ పొలాలు, వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఏళ్ల ఎదురుచూపు మనుషుల్ని ఊరు దాటిస్తాయి గానీ, వీసా నిబంధనలు విడమరిచి చెప్పే మనిషిని మాత్రం ఇక్కడికి తీసుకురాలేదు.

చాలామంది టీకా వేయించుకుంది ఆధార్ చూపించి. విదేశాలవాళ్లు అడిగింది పాస్‌పోర్టు నంబరు. టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో ఆ నంబరు జతచేసే వీలు వచ్చాక పేరు దగ్గర చిక్కొచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. పాత పాస్‌పోర్టులో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి.

ఆర్‌టీ-పీసీఆర్ సంగతి సరేసరి. అప్పట్లో దుబాయ్ వెళ్లాలంటే బయల్దేరడానికి ముందు 48 గంటల లోపు ఈ కోవిడ్ పరీక్ష, విమానాశ్రయంలో మళ్లీ ర్యాపిడ్ పరీక్ష. గడియారం శాంపిల్ ఇచ్చినప్పటి నుంచే తిరిగేది. రిపోర్టుకు ఒక రోజు, విమానాశ్రయం చేరడానికి ఒక రాత్రి పోతే ఇక మిగిలేదెంత? నగరంలో ఉన్నవాడికీ పల్లెలో ఉన్నవాడికీ నిబంధన ఒక్కటే, దూరం మాత్రం ఒక్కటి కాదు.

కోవిడ్‌తో ఆగిన మామూలు అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న మళ్లీ మొదలయ్యాయి. అప్పటికే పని పోగొట్టుకున్నవాళ్లకు ఆ తేదీతో ఒరిగిందేమీ లేదు.

ఇలాంటి రోజులు మళ్లీ వస్తే మండల కార్యాలయంలోనే ఏ దేశానికి ఏ కాగితం కావాలో చెప్పే ఒక ఉద్యోగి ఉండాలి. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. ఇంట్లో ఎవరైనా విదేశంలో ఉంటే, లేదా వెళ్లే ఆలోచన ఉంటే, ఇవాళే ఆధార్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. తేడా కనిపిస్తే ఇప్పుడే దిద్దించుకోండి.