మిరియాల బిస్కెట్‌కీ చెక్కలకీ చుట్టరికం

చెక్కలు చేసే ఇళ్లలో ఒక పరీక్ష ఉంది. బియ్యప్పిండిలో ఉప్పు, కారం, వాము, నానబెట్టిన శనగపప్పు, తరిగిన కరివేపాకు కలిపి, పైన కాచిన నూనో కరిగించిన వెన్నో పోసి, పిండి మొత్తానికీ పట్టేలా చేత్తో రుద్దుతారు. ఆ తర్వాత కాస్త పిండి తీసి పిడికిలి బిగిస్తారు. వేళ్లు తెరిచాక ముద్ద నిలబడి, బొటనవేలు తగలగానే పొడిపొడిగా రాలిపోతే కొలత కుదిరినట్టు. ముద్దే కట్టకపోతే చెక్కలు రాళ్లవుతాయి. మరీ జిడ్డుగా ఉంటే నూనెలో వేయగానే విడిపోతాయి. నీళ్లు చల్లడం ఇదంతా అయ్యాకే.

ఓవెన్‌లో మిరియాల బిస్కెట్ చేయాలన్నా కావలసిన విద్య ఇదే. బియ్యప్పిండి బదులు మైదా, కాచిన నూనె బదులు చల్లటి వెన్న, బాణలి బదులు ఓవెన్. పిడికిలి పరీక్ష మాత్రం మారదు. తెలంగాణలో చెక్కగారెలన్నా, కోస్తాలో పప్పు చెక్కలన్నా, వాటిని గుల్లగా చేయడం వచ్చిన చేతికి ఈ బిస్కెట్ కొత్త వంట కానే కాదు.

అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య నుంచి యూసుఫ్‌గూడ వైపు సాగే శ్రీనగర్ కాలనీ లాంటి చోట దీనికి కావలసినవన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. అపార్ట్‌మెంట్ వంటిళ్లలో కన్వెక్షన్ మైక్రోవేవ్‌లు ఇప్పుడు వింత కాదు. చాలా ఇళ్లలో వాటి పని అన్నం, కూర వేడిచేయడంతోనే ఆగిపోతోంది. ఎప్పుడైనా పుట్టినరోజుకు కేకు, అంతే. ఉప్పు బిస్కెట్ దాకా ఎవరి ఆలోచనా వెళ్లదు. కేకు కంటే ఇది తేలికైనదీ, ఎక్కువ రోజులు నిలవుండేదీ అని చెప్పేవాళ్లు లేకపోవడమే కారణం కావచ్చు.

హైదరాబాద్‌ది మొదటి నుంచీ బిస్కెట్ల ఊరే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్ లేకుండా ఇరానీ చాయ్ పూర్తి కాదంటారు. ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం దీన్ని తయారు చేయించారన్న కథ నగరంలో తరాలుగా తిరుగుతోంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ బిస్కెట్ గొప్పతనం రుచిలో ఉంది: తీపి వెనకాలే ఉప్పు వచ్చి నాలుకను తాకుతుంది. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ, ఫ్రూట్ బిస్కెట్‌తో నగరానికి మరో గుర్తింపు తెచ్చింది. ఇంట్లో ఓవెన్ లేని రోజుల్లో పిండి, చక్కెర, నెయ్యి పేటలోని బేకరీకి పట్టుకెళ్లి, కాల్పించుకుని, రేకు డబ్బా నిండా బిస్కెట్లతో తిరిగొచ్చిన కుటుంబాలూ ఉన్నాయి.

ఇన్నింటిలోనూ కారానికి దక్కిన చోటు చిన్నదే. ఇరానీ హోటల్ అద్దాల బీరువాలో జీలకర్ర బిస్కెట్, పొరలు పొరలుగా ఊడే ఖారా ఉంటాయి. పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర వేసి కాల్చే గుండ్రటి ఖారా బిస్కెట్ మాత్రం కన్నడ సీమది. బెంగళూరు అయ్యంగార్ బేకరీలు దాన్ని ఇంటింటి రుచిగా మార్చాయి. అదే పేరుతో బోర్డు పెట్టుకున్న దుకాణాలు హైదరాబాద్ వీధుల్లోనూ కనిపిస్తాయి. దూరపు చుట్టాలూ ఉన్నారు: ఇటలీ దక్షిణాన పూలియా ప్రాంతంలో గోధుమపిండి, ఆలివ్ నూనె, వైన్ కలిపి, మిరియాలో సోంపో వేసి చేసే తరాల్లీ చూడటానికి మన చేగోడీలాగే ఉంటుంది. దాన్ని నీళ్లలో ఉడికించి ఆ తర్వాత కాలుస్తారు.

బిస్కెట్ గుల్లగా రావడమూ, గట్టిపడటమూ కొవ్వుకూ నీటికీ మధ్య తేలే వ్యవహారం. మైదాలోని ప్రోటీన్లకు నీళ్లు తగిలి, పిసికే కొద్దీ సాగే గుణం వస్తుంది. ఆ సాగేదాన్నే గ్లూటెన్ అంటారు. రొట్టెకు, పరోటాకు అది ప్రాణం. బిస్కెట్‌కు మాత్రం బరువు. నీళ్ల కంటే ముందే వెన్న వెళ్లి పిండి రేణువులకు పూత పూస్తే, ఆ తర్వాత వచ్చే నీటికి లోపలికి దారి దొరకదు, గ్లూటెన్ పెద్దగా పెరగదు. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేకపోయినా చెక్కల్లో కాచిన నూనె దాదాపు ఇదే పని చేస్తుంది: రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పలకలా బిగుసుకోకుండా చూస్తుంది. శాస్త్రం పేరు పెట్టక ముందే మన అమ్మమ్మల వేళ్లకు ఇది తెలుసు.

అందుకే ఏ కొవ్వు వాడుతున్నామన్నది ముఖ్యం. డెయిరీ వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ ఇంకాస్త ఎక్కువగా మిగిలిపోవచ్చు కాబట్టి బాగా పిండేసి వాడాలి. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. నెయ్యితో చేసిన బిస్కెట్ ఇసుకలా రాలిపోతుంది, వెన్నతో చేసినదానికి కరకర ఎక్కువ. పసుపుపచ్చ ప్యాకెట్ వెన్నలో ఉప్పు ఉంటుందని గుర్తుంచుకుని పిండిలో ఉప్పు తగ్గించాలి. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒకప్పుడు బేకరీల్లో వనస్పతి రాజ్యమేలింది. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అయినా డబ్బాలో ఏం పడుతోందో కళ్లారా చూసుకునే వీలు ఇంటి బిస్కెట్‌కే ఉంది, పిల్లలున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ముప్ఫై బిస్కెట్ల దాకా రావాలంటే 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి ఉప్పు లేని వెన్న, ముప్పావు టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల చక్కెర పొడి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, రెండు మూడు టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు కావాలి. మిరియాలు ఒకటిన్నర టీస్పూన్లు, అప్పటికప్పుడు రోట్లో కచ్చాపచ్చాగా దంచినవి. చక్కెర ఎందుకని అడగొచ్చు. తీపి తెలియనంత తక్కువే వేస్తాం గానీ, అది లేకపోతే రంగు రాదు, మిరియం ఘాటు మొనదేలి గుచ్చుకుంటుంది. పెరుగు పులుపు రుచిని నిలబెడుతుంది. బేకింగ్ పౌడర్ మోతాదు మించితే సబ్బు వాసన వస్తుంది, ఎంత మంచి మిరియమూ దాన్ని దాచలేదు.

పొడి సరుకులన్నీ కలిపి జల్లించాక, వెన్నను చిన్న ముక్కలు చేసి వేసి, వేళ్ల చివర్లతోనే నలపాలి. అరచేతి వేడి తగిలితే వెన్న కరుగుతుంది. పిండి తడి రవ్వలా మారి, పిడికిలి పరీక్షలో నెగ్గాక ఆకులు (వాటి సంగతి తర్వాత చూద్దాం), సగం మిరియాలు కలిపి, పెరుగు కొద్దికొద్దిగా వేస్తూ దగ్గరకు తీయాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. ముద్దయిందనిపించగానే చెయ్యి తీసేయాలి. మే నెలలో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఆ రోజుల్లో పిండి ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచక తప్పదు. మిగతా కాలాల్లోనూ అలా ఉంచితే మంచిదే, పిండి సేదదీరి ఒత్తేటప్పుడు చిరగకుండా వస్తుంది.

అర సెంటీమీటరు మందాన ఒత్తి, స్టీలు గ్లాసు అంచుతోనో డబ్బా మూతతోనో గుండ్రంగా కోసి, ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చాలి. ఆ చిల్లుల్లోంచి ఆవిరి పోతుంది కాబట్టి బిస్కెట్ పూరీలా పొంగదు. 170 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో 15 నుంచి 18 నిమిషాలు పెట్టాలి. అంచులు బంగారు రంగుకు తిరగ్గానే ఆపేసి, తలుపు కాస్త తెరిచి మరో పది నిమిషాలు లోపలే వదిలితే మిగిలిన తేమ పోతుంది. వేడి మీద బిస్కెట్ మెత్తగానే ఉంటుంది. కాలలేదేమోనని మళ్లీ లోపలికి తోసి మాడ్చుకోవద్దు, చల్లారాకే కరకర వస్తుంది.

ఇక ఆకుల సంగతి. ఈ బిస్కెట్‌లో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది వీటి దగ్గరే.

పచ్చి ఆకు బరువులో ఎక్కువ భాగం నీరే. కడిగిన కొత్తిమీరను అలాగే తరిగి వేస్తే వెన్న కాచుకున్న కోటకు మనమే గండి కొట్టినట్టు. కడిగి, గుడ్డ మీద ఆరబోసి, చెమ్మ పూర్తిగా పోయాకే తరగాలి. కొత్తిమీర వాసన సున్నితమైంది, ఓవెన్ వేడికి చాలావరకు ఎగిరిపోయి ఆకుపచ్చ మచ్చలు మాత్రం మిగులుతాయి. దాన్ని నమ్ముకుని బిస్కెట్ చేస్తే నిరాశే. కరివేపాకు అలా కాదు. ఎండినా, వేగినా దాని గుణం వదలదు. సన్నగా తరిగి వేస్తే కాలేటప్పుడే ఇల్లంతా తాలింపు వాసన వస్తుంది. కసూరీ మేథీ చేత్తో నలిపి వేస్తే సన్నటి చేదు మిరియానికి బాగా తోడు పడుతుంది. పుదీనా ఎండబెట్టి వాడుకోవడమే మేలు. ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి తెచ్చిన ఆకుకూర కట్టల్లో మిగిలినవాటిని నీడన ఎండబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా చేతికందుతాయి.

పాశ్చాత్య వంటల పుస్తకాల్లో ఇలాంటి బిస్కెట్లకు థైమ్, రోజ్‌మేరీ వేయమని ఉంటుంది. సూపర్‌మార్కెట్లో వాటి చిన్న సీసాకు పెట్టే డబ్బు చూస్తే వెనకాడాల్సిందే. థైమ్ వాసనకు మూలమైన థైమాల్ మన వాములో కూడా ఉంది, పుష్కలంగా ఉంది. అర టీస్పూను వాము అరచేతిలో నలిపి వేస్తే చాలు, థైమ్ లేని లోటు తెలియదు. వామాకు కూడా వేయొచ్చు కదా అనిపించవచ్చు. ఆ ఆకు దళసరి, నీరు ఎక్కువ. బజ్జీకి బాగుంటుంది, బిస్కెట్‌కు పనికిరాదు. రోజ్‌మేరీ వేడికి బాగా నిలుస్తుంది కాబట్టి బాల్కనీ కుండీలో ఉన్నవాళ్లు నాలుగు రెమ్మలు తుంచి వేసుకోవచ్చు.

మిరియం విషయంలో మన తెలుగు నేల గర్వపడదగ్గ సంగతి ఒకటుంది. పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో గిరిజన రైతులు కాఫీ తోటలకు నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు. ఒకే నేలలో కాఫీ, మిరియం రెండూ పండుతాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ పంటను కొని అమ్ముతోంది. పోర్చుగీసువాళ్లతో మిరపకాయ మన దేశానికి వచ్చేదాకా మన వంటలో ఘాటుకు మిరియమే పెద్ద దిక్కు. ఆ ఘాటుకు మూలమైన పైపరిన్‌ను 1819లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ వేరు చేశాడు. విద్యుత్తుకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని ఆ మరుసటి ఏడాది కనిపెట్టింది కూడా ఆయనే.

పైపరిన్ ఓవెన్ వేడిని తట్టుకుంటుంది. ముక్కుకు తగిలే పరిమళం మాత్రం ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. పొడి చేసి నెలల తరబడి దాచిన మిరియాల్లో కారం మిగులుతుంది గానీ పరిమళం ఉండదు. అందుకే అప్పటికప్పుడు దంచాలి. దంచినదాంట్లో సగం పిండిలో కలిపి, మిగతా సగం ఒత్తిన బిస్కెట్ల మీద చల్లి అప్పడాల కర్రతో మెల్లగా అదిమితే, కొరకగానే మొదట వాసన, ఆ వెనక ఘాటు అందుతాయి. మెత్తటి పొడి వేస్తే బిస్కెట్ మొత్తం ఒకే కారం. పలుకులుగా వేస్తే ఒక్కో చోట ఒక్కో రుచి, అదే బాగుంటుంది.

మామూలు మైక్రోవేవ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు. అది ఆహారంలోని నీటిని వేడి చేస్తుందే తప్ప పైన ఎర్రగా కాల్చలేదు. కన్వెక్షన్ మోడ్ గానీ, కరెంటుతో నడిచే చిన్న ఓవెన్ ఓటీజీ గానీ ఉండాలి. ఓటీజీని పెద్ద పవర్ సాకెట్‌కే పెట్టాలి, ఫోన్ ఛార్జింగ్ పెట్టే ప్లగ్గుకు కాదు. ఏదీ లేనివాళ్లకు పాత పద్ధతి ఉండనే ఉంది: అడుగు మందంగా ఉన్న గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పరిచి, చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కాక బిస్కెట్ల పళ్లెం దించడం. అడుగు భాగం ముందే ఎర్రబడుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి తిప్పాలి.

చల్లారని బిస్కెట్‌ను డబ్బాలో పెడితే దాని ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. వానాకాలంలో మూత తీసిన ప్రతిసారీ గాలిలోని తేమ లోపలికి వెళ్తుంది. అలా మెత్తబడినవాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచి పూర్తిగా చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. పచ్చిమిర్చి, ఉల్లిపాయ లాంటి తడి సరుకు వేసినవి త్వరగా తినేయాలి. ఎండిన ఆకులు, మిరియాలతో చేసినవి గాలి చొరని డబ్బాలో రెండు వారాలు హాయిగా ఉంటాయి. బాగా కుదిరి, చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్లు డబ్బులిచ్చి కొంటామంటే ముందు చేయాల్సిన పని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్. ఇంటి వంటగదిలో చేసి అమ్మినా అది తప్పనిసరి.

చేయి తిరిగినవాళ్లు జొన్నపిండి కూడా కలపొచ్చు. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న బిస్కెట్ల తయారీ మీద చాలా కాలంగా పనిచేస్తోంది. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు మైదాలో మూడో వంతు తీసేసి అంత జొన్నపిండి వేస్తే సరిపోతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి అంతకు మించితే ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి, పెరుగు మరో స్పూను పడుతుంది. జొన్నరొట్టె తినే ఇళ్లకు ఆ రుచి పరిచయమే. నువ్వులు కూడా చల్లితే సకినాల వాసన తగులుతుంది.