సాగే రబ్బరు – సాగని రబ్బరు

పిల్లలూ! ఇంట్లో పొట్లాలకు చుట్టే రబ్బరు బ్యాండు ఒకటి తీసుకోండి. కాస్త వెడల్పుగా ఉన్నదైతే మరీ మంచిది. దాన్ని చటుక్కున సాగదీసి, అలాగే పట్టుకొని పై పెదవికి ఆనించండి. వెచ్చగా ఉంటుంది. కొంచెంసేపు సాగదీసే ఉంచి, ఆ తరువాత వదులు చేసి వెంటనే పెదవికి ఆనించండి. ఈసారి చల్లగా ఉంటుంది. చూడటానికి ఇది ఆటలాగే ఉంటుంది గాని, దీని వెనక పెద్ద శాస్త్రమే ఉన్నది.

ఈ వింతను 1805లో ప్రకటించినవాడు ఇంగ్లండు దేశస్థుడైన జాన్ గఫ్. చిన్నతనంలోనే మశూచికం సోకి అతనికి చూపు పోయింది. అయినా అతను అధైర్యపడక, తన పెదవినే పరికరంగా చేసుకొని ఈ సంగతి కనిపెట్టాడు.

సాగదీస్తే రబ్బరు ఎందుకు వేడెక్కాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరకటానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1920లో హెర్మన్ స్టౌడింగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఒక కొత్త మాట చెప్పాడు. రబ్బరువంటి పదార్థాలలో చిన్న చిన్న భాగాలు వేలకొద్దీ ఒకదానికొకటి అతుక్కొని, పొడుగాటి గొలుసులవంటి అణువులుగా ఉంటాయన్నాడు. పండితులు చాలామంది మొదట నమ్మలేదు. చివరకు అతని మాటే నెగ్గింది. 1953లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇటువంటి గొలుసు అణువులు గల పదార్థాలనే పాలిమర్లు అంటారు. సైకిలు ట్యూబు, ప్లాస్టిక్ బకెట్టు, నైలాను తాడు, పాలిథీను సంచీ – ఇవన్నీ పాలిమర్లే.

బడి మైదానంలో వందమంది పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని వరుసగా నిలబడ్డారనుకోండి. అందరూ తలా ఒక దిక్కుకు గంతులు వేస్తే ఆ వరుస తిన్నగా ఉంటుందా? వంకరటింకరగా ముడుచుకుపోతుంది. రెండు కొనలనూ పట్టి లాగితే తిన్నగా అవుతుంది. వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది. రబ్బరులోని గొలుసులు చేసేది ఇదే. వాటిచేత గంతులు వేయించేది వేడి. వేడి తగ్గితే గంతులు మందగిస్తాయి. అప్పుడు గొలుసులు మళ్ళీ ముడుచుకోవటానికి ఆలస్యమవుతుంది. ఈ ముక్క బాగా గుర్తుంచుకోండి, ముందు అవసరం వస్తుంది.

ఇప్పుడు పరీక్షల సంగతి చూద్దాం. ఇనుప తీగకు బరువు కట్టి ఎంత సాగిందో కొలిస్తే దాని స్వభావం చాలావరకు తెలిసిపోతుంది. పాలిమర్లు అలా కావు. మనం అడిగే తీరునుబట్టి వాటి జవాబు మారుతుంది. నెమ్మదిగా లాగితే ఒక జవాబు, వేగంగా లాగితే మరొకటి. ఎండలో ఒకటి, చలిలో ఒకటి. రాత్రంతా బరువు వేలాడదీస్తే తెల్లవారేసరికి ఇంకాస్త సాగి ఉంటుంది.

అందుచేత ప్రయోగశాలలో ఒక పాలిమరును ఎన్నో విధాల పరీక్షిస్తారు. మధ్య సన్నగా, కొనలు వెడల్పుగా ఉండేటట్టు ఒక ముక్క కోస్తారు. కొనలను యంత్రం పట్టుకొని లాగుతుంది. ఎంత బలానికి ఎంత సాగిందీ, ఎక్కడ తెగిందీ నమోదవుతుంది. మధ్యభాగాన్ని సన్నగా కోయటమెందుకంటే, ముక్క యంత్రం పట్టుకున్నచోట కాక నడుమనే తెగాలని. 1944లో ఇంగ్లండులో ట్రెలోర్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే రకం రబ్బరును పలు విధాల సాగదీసి, ఆ కొలతలన్నీ ప్రకటించాడు. నేటికీ కొత్త సూత్రాలను ఆ అంకెలతో సరిపోల్చి చూస్తూంటారు.

ఈ కొలతలన్నీ ఎందుకు? కంప్యూటరుకు చెప్పటానికి. ఒక టైరు తయారుచేయాలనుకోండి. దాని ఆకారాన్ని కంప్యూటరులో వేలకొద్దీ చిన్న గళ్ళుగా విడగొడతారు. పరీక్షలలో తేలిన సూత్రాన్ని ప్రతి గడికీ వర్తింపజేస్తారు. ఒక గడి నొక్కుకుపోతే పక్క గడిమీద ఎంత బలం పడుతుందో, దాని పక్కదానిమీద ఎంత పడుతుందో, ఇలా అన్నిటికీ లెక్క కట్టి, టైరు ఎక్కడ ఎక్కువ నలుగుతుందో కంప్యూటరు చూపిస్తుంది. టైరు చేయకముందే దాని బలహీనత తెలిసిపోతుందన్నమాట. అయితే కంప్యూటరుకు సొంత తెలివి లేదు. వేడిలో చేసిన పరీక్షలు మాత్రమే దానికి చెప్పి, చలిలో ఏమవుతుందని అడిగితే అది చెప్పే జవాబును నమ్మరాదు.

చలి ఎంత పని చేయగలదో వినండి. అమెరికాలో ఛాలెంజర్ అనే వ్యోమనౌకను పైకి లేపే రాకెట్లను పెద్ద పెద్ద గొట్టాలను ఒకదానిపై ఒకటి అమర్చి చేశారు. అతుకులలో రబ్బరు చుట్లు పెట్టారు. కుక్కరు మూతలోని రబ్బరు ఆవిరిని ఆపినట్టే, ఆ చుట్లు మండుతున్న వాయువులను ఆపాలి. చుట్టు వ్యాసం సుమారు 12 అడుగులు. మందం మాత్రం 7 మిల్లీమీటర్లే. రాకెట్టు అంటుకోగానే అతుకు కొద్దిగా తెరుచుకుంటుంది. రబ్బరు కనురెప్పపాటులో ఉబికి ఆ సందును మూసివేయాలి.

1985లోనే ఆ రబ్బరును నొక్కి వదిలి పరీక్షించారు. సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అది వెంటనే సందును మూసింది. 24 డిగ్రీలలో రెండు సెకండ్లకు పైగా ఆలస్యం చేసింది. 10 డిగ్రీలలో పది నిమిషాలు చూసినా మూయలేదు.

1986 జనవరి 28న ప్రయోగం. ఆ ఉదయం ఫ్లారిడాలో ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. ముందురోజు రాత్రి, ఇంత చలిలో వద్దని ఇంజనీర్లు మొత్తుకున్నారు. పెద్దలు వినలేదు. 73 సెకండ్లకు నౌక ఆకాశంలోనే ముక్కలయింది. ఏడుగురూ చనిపోయారు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ కూడా ఉన్నది. ఆమె అంతరిక్షంనుంచి పిల్లలకు పాఠం చెప్పవలసి ఉన్నది.

విచారణ సంఘంలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. అందరి ఎదుటా ఆయన ఆ రబ్బరు ముక్కను బిగించి, మంచునీళ్ళ గ్లాసులో ఉంచి తీశాడు. బిగింపు వదిలినా అది వెంటనే పూర్వపు ఆకారానికి రాలేదు. ఒక గ్లాసు, కాసిని మంచునీళ్ళు – వాటితో అందరికీ అర్థమయింది.

మీ రబ్బరు బ్యాండును మంచునీళ్ళలో ముంచితే అది మామూలుగానే సాగుతుంది. చెట్టుపాలనుంచి వచ్చే రబ్బరు, సున్నకు దిగువన సుమారు 70 డిగ్రీల వరకూ పూర్తిగా బిరుసెక్కదు. రాకెట్టులోనిది వేడికి తట్టుకొనేందుకు చేసిన వేరే రకం. పేరు రబ్బరే గదా అని ఒకదాని గుణం మరొకదానికి అంటగట్టరాదు. దేని పరీక్ష దానికే.

మీరూ ఒక పరీక్ష చేయండి. బ్యాండుకు చిన్న బరువు వేలాడదీసి పొడుగు కొలవండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కొలిచి, పక్కనే గది ఉష్ణోగ్రత రాయండి. మీరు అనుకున్నట్టు రాని అంకెను కొట్టివేయకండి. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: పిల్లవాడు ఆ కాగితం తెచ్చి చూపినప్పుడు, చేతిలో పని పక్కన పెట్టి ఆ అంకెలు చదవండి.