ట్రైలర్ లాగే ట్రక్కుకి వెనక రెండు టైర్లా, నాలుగా?

అమెరికాలో క్యాంపింగ్ ట్రైలరో, కార్లు మోసే ట్రైలరో లాగడానికి పికప్ ట్రక్ కొనాలనుకునే మన వాళ్లకి షోరూంలో ఈ సందేహం వస్తుంది. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500, షెవర్లే సిల్వరాడో 3500 రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకదానికి వెనక రెండే టైర్లు. ఇంకోదానికి మన లారీల్లా జంట టైర్లు, మొత్తం నాలుగు. దీన్ని అక్కడ 'డ్యూయలీ' అంటారు.

ఎన్ని వేల పౌండ్లు లాగుతుందో ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చూసి నిర్ణయానికి రావద్దు. లాగడం ఒకటి, మోయడం ఇంకొకటి. ట్రైలర్ బరువులో కొంత ట్రక్కు మీదే పడుతుంది. బంపర్ దగ్గర తగిలించే ట్రైలరైతే 10 నుంచి 15 శాతం, వెనక తొట్టిలో బిగించే 'ఫిఫ్త్ వీల్' ట్రైలరైతే 15 నుంచి 25 శాతం.

ఉదాహరణకి 15,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్, అంటే దాదాపు 6,800 కిలోలు. అందులో 20 శాతం లెక్కేసినా 3,000 పౌండ్లు ట్రక్కు మీదకొస్తాయి. బిగించే సామగ్రికి 200, నలుగురు మనుషులు, లగేజీకి 800 కలిపితే 4,000. డ్రైవర్ డోర్ దగ్గర లేబుల్ మీద ట్రక్కు గరిష్ఠ మొత్తం బరువు రాసి ఉంటుంది. ఖాళీ ట్రక్కుని ట్రక్ స్టాప్‌లో తూకం వేయించి ఆ బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయగలిగింది. డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్ బరువు కూడా అందులోంచే పోతుంది. అది 4,000కి చాలకపోతే డ్యూయలీయే కొనాలి, వేరే దారి లేదు. పక్క గాలికి ఊగడం దీనికి తక్కువ. ఒక టైరు పేలినా పక్కది కాసేపు ఆదుకుంటుంది.

కానీ రోజూ ఆఫీసుకి వెళ్లే బండి అదే అయితే కష్టమే. వెనక వెడల్పు దాదాపు 8 అడుగులు. పార్కింగ్, కార్ వాష్, డ్రైవ్-త్రూ అన్నీ ఇబ్బందే. టైర్లు ఆరు కొనాలి, లోపలి టైరు గాలి చూడాలంటే విసుగు. ఖాళీగా ఉంటే మంచులో, బురదలో ఎక్కువ జారుతుంది.

కిరాయికి నడిపేవాళ్లకి ఇంకో చిక్కుంది. ట్రక్కు, ట్రైలర్ల రేటింగులు కలిపి 26,001 పౌండ్లకి చేరి, ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే కమర్షియల్ లైసెన్స్ కావాలి. చూసేది లేబుల్ మీది అంకె, కాబట్టి ఖాళీ ట్రైలర్ లాగినా లెక్క మారదు. డ్యూయలీ రేటింగ్ మామూలుగా 14,000. దానికి 14,000 ట్రైలర్ తగిలిస్తే మొత్తం 28,000 అవుతుంది.