రాసేవాళ్లకు ఒక తోడు

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ తెరిస్తే అసలు కవితల కంటే ముందే రెండు స్నేహాలు ఎదురవుతాయి. ఒకటి, చలం రాసిన ముందుమాట, ‘యోగ్యతాపత్రం’. రెండోది, కొంపెల్ల జనార్దనరావు కోసం శ్రీశ్రీ రాసిన అంకిత గీతం. జనార్దనరావు కవి, ‘ఉదయిని’ అనే సాహిత్య పత్రిక నడిపిన మనిషి. సాహిత్యమే లోకమనుకుని తిరిగి, పేదరికంలో, క్షయరోగంతో 1937లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఇవాళ ఆయన రచనలు చదివినవాళ్లు తక్కువే. అయినా తెలుగులో కవిత్వం చదివే ప్రతివాళ్లకూ ఆ పేరు తెలుసు. ఒక స్నేహితుడు మరో స్నేహితుడికి ఇంతకంటే పెద్ద బాకీ తీర్చిన సందర్భం మన సాహిత్యంలో అరుదు.

చలం ముందుమాట 1940 నాటిది. పుస్తకం అచ్చయింది 1950లో. మధ్యలో పదేళ్లు ఆ కవితలు పత్రికల్లో, సభల్లో, మిత్రుల నోళ్లలో బతికాయి. అంతకు చాలా ముందు, 1928లో, శ్రీశ్రీకి పద్దెనిమిదేళ్లప్పుడు ‘ప్రభవ’ పద్య సంపుటి వచ్చింది. దాన్ని వేసింది విశాఖపట్నంలోని కవితా సమితి. పురిపండా అప్పలస్వామి వంటి సాహిత్యాభిమానులు కలిసి నడుపుకున్న చిన్న సంఘం అది. ‘ప్రభవ’ పద్యాల ధోరణిని శ్రీశ్రీయే తర్వాత వదిలేశారు. కానీ తన పద్యాలు అచ్చులో చూసుకున్న కుర్రాడికి కలిగే ధైర్యం వేరు. ఆ ధైర్యం ఇచ్చింది తోటివాళ్లే.

కొత్తగా రాసేవాళ్లకు ముందుగా కావలసింది ప్రచురణకర్త అనీ, అవార్డు అనీ చాలామంది అనుకుంటారు. మన సాహిత్య చరిత్ర చూస్తే అంతకు ముందు మెట్టు ఒకటి కనిపిస్తుంది. రాసింది ఓపిగ్గా వినే మనిషి దొరకడం. అదీ పెద్దరికంతో కాక, సమానంగా కూర్చుని వినే మనిషి.

తిరుపతి వేంకట కవుల సంగతే తీసుకోండి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. వినాయక చవితి చందాల వసూళ్లలో కలిసి తిరిగినప్పుడు వాళ్ల స్నేహం గట్టిపడిందని చెబుతారు. ఒకరి పాండిత్యం రెండోవారికి నచ్చింది, రెండోవారి లోకజ్ఞానం, మాటకారితనం మొదటివారికి నచ్చాయి. ఇద్దరూ జంటగా అవధానాలు చేస్తూ సంస్థానాలన్నీ చుట్టారు. ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాలతో ఊరూరికీ చేరారు. ఏ పద్యం ఎవరిదో విడదీయడం పండితులకే కష్టమైంది. 1920లో తిరుపతిశాస్త్రి పోయారు. ఆ తర్వాత వేంకటశాస్త్రి మరో ముప్పై ఏళ్లు బతికారు. ఆస్థాన కవి అయ్యారు. ఒంటరిగా రాసినవాటికి కూడా జంట పేరే పెట్టుకున్నారు. కీర్తి దగ్గర అన్నదమ్ములే వాటాలు తేల్చుకుంటారు. ఆయన మాత్రం చనిపోయిన మిత్రుడి వాటా చివరిదాకా పక్కన పెడుతూనే వచ్చారు.

ఆ ఒరవడి శిష్యులకూ అందింది. బందరులో చెళ్లపిళ్ల దగ్గర చదువుకున్న పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు జంటగా ‘సౌందరనందము’ రాసి గురువుగారికే అంకితమిచ్చారు.

అందరూ జంటకవులు కానక్కర్లేదు. నండూరి సుబ్బారావు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఎంకి పాటలు మొదలుపెట్టినప్పుడు బసవరాజు అప్పారావు వంటి మిత్రులు విని వెన్నుతట్టారు. పామరుల మాటల్లో పాటలేమిటని పండితులు విరుచుకుపడ్డ కాలం అది. అప్పుడు పక్కన నలుగురు లేకపోతే ఆ పాటల్లోని ఎంకి, నాయుడుబావ ఎంత దూరం వచ్చేవాళ్లో చెప్పలేం. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి చుట్టూ చేరిన సాహితీ సమితి చేసిన పని కూడా ఇదే. భావకవులను, కథకులను ఒక గొడుగు కిందికి తెచ్చింది. సమితి సభ్యులకు ఆయన ‘అన్నగారు’.

ఇలాంటి స్నేహాల్లో విజయనగరం ముచ్చట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోణంకి అప్పలస్వామికి యూరప్ భాషలు చాలా వచ్చు. అక్కడి కొత్త సాహిత్యం ఆయన నోటి మీదుగా ఇక్కడి మిత్రులకు అందేది. చాగంటి సోమయాజులు, అంటే చాసో, కథను ముందు మనసులోనే పూర్తిచేసుకునేవారట. మాట మాటా కుదిరాక మిత్రులకు వినిపించి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టేవారని ఆయన్ను ఎరిగినవాళ్లు చెబుతారు. చాసో కథల్లో ఒక్క వాక్యం కూడా అదనంగా ఎందుకు ఉండదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎదుట మనిషి వింటుంటే వృథా మాట ఇట్టే దొరికిపోతుంది. 1942 ప్రాంతంలో చదువుకోసం ఆ ఊరు వచ్చిన ఆరుద్రకు కాలేజీ పాఠాల కంటే ఈ సావాసమే ఎక్కువ నేర్పింది. ‘త్వమేవాహం’ రాసిన కవి తయారైంది ఆ సావాసంలోనే.

స్నేహంలో ఒక చిక్కు ఉంది. అది దాచకూడదు. మనవాడు కదా అని బాగాలేనిది బాగుందంటే రాసేవాళ్లకు మిగిలేది నష్టమే. ముఠాగా మారిన స్నేహం బయటి గొంతును లోపలికి రానివ్వదు. అందుకే కాళీపట్నం రామారావు వంటివారి అవసరం. కారా మాస్టారు రాసింది తక్కువ, చదివింది ఎక్కువ. విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూ, తర్వాత శ్రీకాకుళంలో ఉంటూ, కొత్త కథకులు తెచ్చిన కథలు ఓపిగ్గా చదివి, ఎక్కడ కుదరలేదో విడమరిచి చెప్పేవారు. 1964లో వచ్చిన ‘యజ్ఞం’ కథతో పేరు తెచ్చుకున్న మనిషి, 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి, తన కథల కోసం కాక ఇతరుల కథల కోసం ఇల్లు కట్టించారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో మొదలైన కథానిలయం అదే. పాత పత్రికలు, సంపుటాలు, విడి కాగితాలు వెతికి పోగుచేశారు. అచ్చయిన తెలుగు కథ ప్రతిదీ అక్కడ ఉండాలన్నది సంకల్పం. ఒక్క కథే రాసి ఆగిపోయినవాళ్లకూ ఆ అలమరల్లో చోటుంది. 2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు. ఆ ఇల్లు నిలిచే ఉంది.

ఇప్పుడు రాస్తున్నవాళ్లకు సౌకర్యాలు పెరిగాయి. హైదరాబాద్‌లో ఉన్నవారు రాసిన కథ అమెరికాలోని మిత్రుడికి క్షణంలో వాట్సాప్‌లో చేరుతుంది. జవాబుగా బొటనవేలి బొమ్మ వస్తుంది. దానితో కథ బాగుపడదు. నలుగురైదుగురు నెలకోసారైనా ఒకచోట కూర్చుని, రాసినవారే పైకి చదివితే, విన్నవారు ఎక్కడ మనసు పక్కకు పోయిందో, ఏ పాత్ర మాట నమ్మబుద్ధి కాలేదో చెబితే చాలు. రాసినవారు వెంటనే సమర్థించుకోకుండా ఆ మాటలు రాసుకోవాలి. పత్రిక తిప్పి పంపిన కథను ఇంకోసారి దిద్దేలా ఒప్పించడం, అచ్చయిన పుస్తకాన్ని డబ్బిచ్చి కొనడం, దాని గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయడం కూడా ఈ సాయంలో భాగమే. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని, కట్టలు ఇంట్లో పెట్టుకున్న రచయితలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ చివరి సాయం మరీ అవసరం.